బొమ్మల నోట్‌బుక్కు: మీ ఉత్తరాలు, డ్రాయింగ్ టీచర్ జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఒక చిన్న పని చెప్పాను. రోజూ ఒక పావుగంట, ఇంటి చుట్టూ కనిపించేదాన్ని, ఆకో పువ్వో కాకి ఈకో, ఏదో ఒకటి నోట్‌బుక్కులో గీసి, పక్కన మూడు నాలుగు వాక్యాలు రాసుకోమన్నాను. మనల్ని మనం తెలుసుకోవడానికి నాకు తెలిసిన దగ్గరి దారి అదే అన్నాను. ఉత్తరాలు చాలా వచ్చాయి. ఎక్కువ మా వైపువే. ముప్పై ఒక్క ఏళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల హైస్కూళ్లలో డ్రాయింగ్ చెప్పాను. ‘టీచరమ్మా’ అని మొదలైన ఉత్తరం చదువుతుంటే మళ్లీ క్లాసులో నిలబడినట్టే ఉంది. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం వేస్తున్నాను.

టీచర్ గారూ, నాకు నలభై నాలుగేళ్లు. పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. జర్నల్ రాసుకోమని మా ఆడపడుచు అట్ట మీద బంగారు తీగలున్న పుస్తకం కొనిచ్చింది. రోజూ రాత్రి కూర్చుని ‘ఈ రోజు బాగానే గడిచింది’ అని రాస్తాను. ఆ తర్వాత ఏమీ తోచదు. బొమ్మలంటారా, ఏడో తరగతి తర్వాత పెన్సిల్ పట్టలేదు. నన్ను నేను ఎక్కడ వెతుక్కోవాలి? – ఒక గృహిణి, కావలి

అమ్మా, ముందు ఆ బంగారు తీగల పుస్తకాన్ని బీరువాలో దాచేయండి. అలాంటి పుస్తకం ముందు కూర్చుంటే పేజీ పాడవుతుందేమోనని చెయ్యి బిగుసుకుపోతుంది. పిలకాయలు వాడే రూళ్లు లేని తెల్ల నోట్‌బుక్కు ఒకటి తెప్పించుకోండి. రాత్రి వద్దు. అంట్లు సర్దుకుని, తలుపులేసుకుని కూర్చునేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. ఓపిక లేనప్పుడు ఎవరైనా ‘బాగానే గడిచింది’ అనే రాస్తారు.

‘నేనెవరు’ అని తెల్ల కాగితాన్ని అడిగితే అది పలకదు. కరివేపాకు రెబ్బను అడగండి. రేపు పొద్దున పోపులో వేసే ముందు ఒక రెబ్బ పక్కన పెట్టుకోండి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉన్నాయా? నడిమి ఈనె ఆకును సరిగ్గా సగానికి చీలుస్తోందా, ఒక పక్కకు జరిగిందా? చిట్టచివర ఉన్నది ఒక్క ఆకా, జంటా? ఇరవై ఏళ్లుగా రోజూ తుంచుతున్న రెబ్బ గురించి, దానివైపు చూడకుండా ఈ మూడింటికీ జవాబు చెప్పగలరేమో ప్రయత్నించండి. నేను మొదటిసారి చెప్పలేకపోయాను.

ఇక గీయడం. పెన్సిల్ కాగితం మీద ఆనించి, చూపు మాత్రం రెబ్బ మీదే ఉంచండి. కాగితం వైపు చూడొద్దు. కన్ను ఆకు అంచు వెంట చీమలా నడుస్తుంటే చెయ్యి దాని వెనకే నడవాలి. పూర్తయ్యాక చూస్తే బొమ్మ వంకర టింకరగా ఉంటుంది, ఉండనివ్వండి. మా క్లాసుల్లో బొమ్మలు రావని ఏడ్చే పిల్లలకు మొదటి వారం ఇదే చేయించేదాన్ని. ఎవరి బొమ్మా సరిగ్గా రాదు కాబట్టి ఎవరికీ సిగ్గుండదు.

తర్వాత పక్కన రాయండి. మొదట చూసింది, తర్వాత గుర్తొచ్చింది. మా వీధిలో ఒకావిడ ఇలాగే మొదలుపెట్టారు. మొదటి వాక్యం: ‘తుంచిన చోట తడిగా ఉంది.’ రెండోది: ‘మా అమ్మ చేపల పులుసులో ఆఖర్న వేసేది.’ మూడోది: ‘పిల్లలు తినలేరని పదహారేళ్లుగా కారం తగ్గించి వండుతున్నాను. పిల్లలు ఇంట్లో లేరు. నేను ఇంకా కారం తగ్గించే వండుతున్నాను.’ ఆ పేజీ నాకు చూపించి, ఆవిడ అదే రోజు సాయంత్రం తనకు నచ్చిన కారంతో పులుసు పెట్టుకున్నారు. అలాంటి మూడో వాక్యం మీకు మొదటి రోజే రాకపోవచ్చు. పదో రెబ్బకైనా రావచ్చు, ఇరవయ్యో రెబ్బకైనా రావచ్చు.

ఏ పెన్సిల్ కొనాలి? ఏ రంగులు? – టెన్త్ విద్యార్థి, వింజమూరు

2బి పెన్సిల్ ఒకటి చాలు. రబ్బరు కొనొద్దు. తప్పు గీత పక్కనే మంచి గీత గీయి, రెండూ ఉండనీ. రంగుల కోసం వంటింట్లోకి వెళ్లు. కాఫీ డికాషన్ గోధుమ రంగు ఇస్తుంది. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రగా మారుతుంది, పారాణి కలిపేటప్పుడు మీ అమ్మమ్మ చేసేది అదే. నీలం శంఖుపూలు నలిపి ఆ రసంలో నిమ్మచుక్క పిండి చూడు, రంగు నీ కళ్ల ముందే మారుతుంది. ఇవి ఎండ తగిలితే వెలిసిపోతాయి, కాబట్టి పక్కన తేదీ వెయ్యి. నెల తర్వాత ఎంత వెలిసిందో కూడా రాసుకోవచ్చు.

మేడమ్, నేను అల్లూరు దగ్గర వనామీ రొయ్యల చెరువుల మీద పనిచేస్తాను. రాత్రి డ్యూటీ. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోత, మేత బస్తాలు, ఎప్పుడు కరెంటు పోతుందోనని టెన్షన్. బొమ్మలు, ప్రకృతి, మనల్ని మనం తెలుసుకోవడం... ఇవన్నీ తీరిక ఉన్నవాళ్లకి కదా? – ఒక యువకుడు, అల్లూరు మండలం

ఈ మాట మాత్రం నేను ఒప్పుకోను నాయనా. నువ్వు రోజూ ఒక నోట్‌బుక్కు రాస్తూనే ఉన్నావు. మేత ఎంత వేశావు, నీళ్లలోకి దించి చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఉప్పు శాతం, పీహెచ్, ఆక్సిజన్. అంతేకాదు, గట్టు మీద నిలబడి నీటి రంగు చూసి చెరువు ఎలా ఉందో చెప్పగలవు. లేత ఆకుపచ్చకూ ముదురు ఆకుపచ్చకూ, టీ రంగుకూ తుప్పు రంగుకూ తేడా నీకు తెలిసినంతగా డ్రాయింగ్ పరీక్షలు పాసైన చాలామందికి తెలియదు. మా మాస్టారు మాకు రెండేళ్లు నేర్పింది అదే, రంగును రంగుగా చూడడం.

నీ రీడింగుల పట్టికలో చివర రెండు గడులు ఎక్కువ గీసుకో. మొదటి గడిలో ఆ రోజు చెరువు నీటి రంగును కలర్ పెన్సిళ్లతో కలిపి వెయ్యి. పేరు రాయొద్దు, రంగే వెయ్యి. రెండో గడిలో ఆ రాత్రి నీ లోపల ఎలా ఉందో, దానికీ ఒక రంగే వెయ్యి. వేసే టైము కూడా నేనే చెప్తాను. తెల్లవారుజామున, పొద్దు పొడవబోయే ముందు. రాత్రంతా రొయ్యలతో పాటు నీళ్లలోని పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటుంది. వెలుతురు లేక కొత్తది తయారుకాదు. అందుకే ఆ వేళకు రీడింగు అన్నిటికన్నా కిందికి పడుతుందని నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు ఒంటరిగా, పూర్తిగా మేలుకుని ఉండే వేళ కూడా అదే. పంట అయ్యేసరికి నీ దగ్గర రెండు వరుసల రంగులు ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూసుకో. నీ రంగు చెరువు రంగు వెంటే నడిచిందా, దానికి వేరే దారి ఏమైనా ఉందా అన్నది ఆ రెండు వరుసలే చెప్తాయి.

ఇంకొకటి. అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్యలు గుల్ల విడుస్తాయని మీ వాళ్లు మేత తగ్గిస్తారు కదా. ఈసారి చెక్ ట్రేలో చిక్కిన ఖాళీ గుల్లను ఒకదాన్ని తీసి, తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి అందులో వెయ్యి. మీసాల తొడుగుతో సహా, కంటి మీది పొరతో సహా దిగివచ్చిన గుల్ల అది. టార్చి లైటు పక్క నుంచి కొట్టి గీయి. లోపల రొయ్య లేకుండా రొయ్య ఆకారం మొత్తం ఉండడం చూస్తూ అరగంట కూర్చున్నాక ఏం రాయాలనిపిస్తుందో నేను చెప్పను.

తీరిక సంగతి. చిత్రకారుడు నందలాల్ బోస్ శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పుకుంటూ, మధ్యలో పోస్టుకార్డుల మీద చుట్టూ కనిపించినవి గీసి శిష్యులకు, స్నేహితులకు పంపేవారు. 1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభకు గాంధీగారి కోరిక మీద వేసిన బొమ్మల్లో ఆయన దించింది డోలు వాయించేవాళ్లను, ఎద్దులను, పల్లెల్లో కాయకష్టం చేసుకునే మనుషులను. ఆ బొమ్మల్లో నీలాంటి వాడికి చోటుంది. కార్డు ముక్క చొక్కా జేబులో పడుతుంది.

నా డైరీ అమ్మ చదివేసింది. ఇంట్లో పెద్ద గొడవ. అప్పటి నుంచి ఏం రాయాలన్నా టెన్షన్. ఇంకోపక్క నా ఫ్రెండ్స్ జర్నల్ పేజీలు ఇన్‌స్టాలో పెడుతుంటే నాకూ పెట్టాలనిపిస్తుంది. ఎవరూ చూడకూడదనీ ఉంది, అందరూ చూడాలనీ ఉంది. – డిగ్రీ సెకండియర్, ఒంగోలు

తల్లీ, రెండు కోరికలూ నిజమే. అందుకని రెండు నోట్‌బుక్కులు పెట్టుకో. ఒకటి చూపించడానికి. అందులో నీ ఇష్టమొచ్చినన్ని పూలు, స్టిక్కర్లు. ఇంకోటి నీకు. రెంటినీ కలిపితే రెండూ చెడతాయి. ఎవరో చూస్తారని గీసే పేజీలో మనకు తెలియకుండానే వాళ్లకు నచ్చేట్టు గీస్తాం.

అమ్మ చదవడం తప్పే, ఆ మాట నేను దాచను. దాపరికానికి మాత్రం మంచి వంశమే ఉంది. రహస్యం కోసమేనని చెప్పలేం గానీ, లియొనార్డో డావిన్సీ తన నోట్‌బుక్కులు కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూస్తే తప్ప చదవలేనట్టు రాసుకున్నాడు. కుందేలు కథలు రాసి బొమ్మలు వేసిన ఇంగ్లండు రచయిత్రి బీట్రిక్స్ పాటర్ నీ వయసులో తనే కనిపెట్టిన గుప్త లిపిలో, చీమ తలకాయలంత అక్షరాలతో డైరీ రాసేది. ఆమె 1943లో చనిపోయింది. ఆ లిపి గుట్టు ఇంకొకరికి చిక్కింది 1958లో.

నీకు అంత కష్టం అక్కర్లేదు, ముగ్గు ఉంది. రోజుకో చిన్న చుక్కల ముగ్గు వెయ్యి. ఏ రోజుకు ఎన్ని చుక్కలు, ఏ చుక్కను దేనితో కలిపావు, ఏ చుక్కను కలపకుండా ఒంటరిగా వదిలేశావు అన్నదానికి అర్థం నీకొక్కదానికే తెలియాలి. కోపం వచ్చిన రోజు గీత చుక్కను చుట్టకుండా దాని మీదుగా పోవచ్చు. ఎవరితోనైనా మాట్లాడాలనిపించిన రోజు ముగ్గుకు ఒక పక్క తలుపు తీసి ఉంచొచ్చు. ఎవరు తెరిచి చూసినా ముగ్గుల పుస్తకమే కనిపిస్తుంది. ఎప్పుడైనా అనిపిస్తే, ఆ చూపించే నోట్‌బుక్కులో ఒక పేజీ అమ్మ చేత వేయించు. ఆవిడ చుక్కలు ఎలా పెడుతుందో గమనించు.

అయ్యా/అమ్మా, మీరు పూలు, పక్షులు అంటారు. మా దగ్గర ఎర్రమట్టి, రాళ్లు, చిల్లకంప తప్ప ఏముంది? వాన లేక మూడు కార్ల పంట పోయింది. నేలపట్టు పక్షులు చూడాలంటే మాకు ఒక రోజు ప్రయాణం. – ఒక రైతు, కనిగిరి దగ్గర

అయ్యా, పొదిలికి బదిలీ అయినప్పుడు నేనూ అదే అనుకున్నాను. పెన్నా ఒడ్డున పుట్టినదాన్ని. మొదటి నెల కిటికీలోంచి చూస్తే గీయడానికి ఏమీ లేదనిపించింది. అప్పుడు ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు, ‘మీ ఇంటి నుంచి బడి దాకా ఏం కనబడిందో తీసుకురండి’ అని నేనంటే, ఐదు అగ్గిపెట్టెలు తెచ్చాడు. తెరిస్తే ఐదింటిలోనూ మట్టి. ఒకటి ఇటుక రంగు, ఒకటి పసుపు కలిసిన ఎరుపు, ఒకటి బూడిద, ఒకటి దాదాపు వంకాయ రంగు, చెరువు అడుగుదైతే నల్లగా. వాడు రోజూ నడిచే దారి ఒక్కటే, అందులో ఐదు రంగులు. ఆ అగ్గిపెట్టెలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

మీ మట్టితోనే రంగు చేసుకోండి. ఎండిన మట్టి దంచి, పాత నేత చీర గుడ్డలో వేసి మెత్తగా జల్లించండి. తుమ్మ బంకను రాత్రంతా నీళ్లలో నానబెట్టి వడగట్టండి. షాపులో అమ్మే వాటర్ కలర్లలో రంగును పట్టి ఉంచేది కూడా ఈ జాతి బంకే. రెండూ కలిపి, నున్నటి బండ మీద ఇసుక తగలనంత వరకు నూరి, ఒక్క చుక్క తేనె వేయండి, ఎండాక బీటలు వారకుండా ఉంటుంది. సీసా మూతల్లో పోసి నీడన ఆరబెట్టండి. తడి కుంచె ఆనిస్తే మళ్లీ రంగు లేస్తుంది. ఆ ఎరుపు మట్టిలోని ఇనుముది. వేల ఏళ్ల కిందట గుహల గోడల మీద మనుషులు వేసిన బొమ్మలకూ ఇలాంటి మట్టే రంగు. పూల రంగులు వెలిసిపోతాయని వింజమూరు పిల్లవాడికి చెప్పాను. ఇది వెలవదు.

చిల్లకంప సంగతి. మీకు దాని మీద కోపం ఉంటుంది, న్యాయమే. అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు, వేరు లోతుకు దించి, ఏమీ మొలవని చోట మొలుస్తుంది, ఒకసారి పట్టిన పొలాన్ని వదలదు. ఆ కోపంతోనే గీయండి. ఒక కొమ్మ విరిచి తెల్ల గుడ్డ మీద పెట్టి, ముళ్లు ఎక్కడ పుడుతున్నాయో, ఆకు ముల్లుకు పైన ఉందో కింద ఉందో చూసి గీయండి. పక్కన తిట్లు రాయాలనిపిస్తే తిట్లే రాయండి. ఆ చెట్టును తిడుతున్నారా, పంట పోయిన కారును తిడుతున్నారా, ఊరు వదిలి పోలేకపోయిన రోజును తిడుతున్నారా అన్నది రాసేటప్పుడే తేలుతుంది.

కాగితం మీద చెయ్యి ఆడకపోతే మార్కాపురం పలక మీద మొదలుపెట్టండి. బలపంతో గీసి, చూసుకుని, తుడిచేయండి. ఎలాగూ తుడిచేసే బొమ్మకు భయం లేదు. భైరవకోన మీకు దగ్గరే. పోయినసారి దండం పెట్టుకుని వచ్చేసి ఉంటారు. ఈసారి పలక తీసుకుపోయి, కొండనే తొలిచి చేసిన ఆ ఎనిమిది గుళ్లలో ఒక్క స్తంభం ముందు కూర్చోండి. అదీ రాయే, మీరు ఏమీ లేదన్న రాయి.

ప్రశ్న ఒకటి ఇవ్వండి మేడమ్, ఏం రాయాలో తోచని రోజు రాసుకోవడానికి. – బుచ్చిరెడ్డిపాళెం

మన రొట్టెల పండగ ప్రశ్నే ఇస్తాను. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్లు ఆ కోరిక పేరిట రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్లు అదే పేరిట రొట్టె వదులుతారు, అంటే ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. పేజీకి ఎడమ పక్క ఒక రొట్టె, కుడి పక్క ఒక రొట్టె గీయండి. ఈ రోజు చెరువులో దిగితే ఏ రొట్టె పట్టుకుంటారు? ఏ రొట్టె వదలగలరు? రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. తీరిన కోరికలను మనం చాలా తొందరగా మర్చిపోతాం.

మీరు రాయకముందు నుంచే, మూడు నెలలుగా ఒక్క రోజు మానలేదు. ఎనభై పేజీలు దాటాయి. గీత బాగుపడింది. కానీ నా గురించి నాకు కొత్తగా ఏమీ తెలియలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను? – బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

తప్పేమీ చేయలేదు. ఒక్కో పేజీని విడిగా అడుగుతున్నారు. ఆదివారం పూట పేజీలన్నీ తేదీల వరుసలో నేల మీద పరిచి, నిలబడి చూడండి. ఏది మళ్లీ మళ్లీ వచ్చిందో చూడండి. ఆ తర్వాత, రావలసి ఉండి ఏది రాలేదో చూడండి.

నా సంగతి చెప్తాను. రిటైరైన కొత్తలో మా పెరటి వేపచెట్టును రోజూ గీయాలని పెట్టుకున్నాను. వంటింటి కిటికీలోంచి చూస్తూ, రోజుకొకటి. నలభై మూడు బొమ్మలయ్యాయి. వరండాలో చాప మీద పరిచాను. చిగురు వేసిన రోజులు, పూత రాలిన రోజులు, వాన రోజు, అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. కాసేపు చూశాక ఒకటి తట్టింది. నలభై మూడింటిలోనూ చెట్టు కాగితానికి ఎడమ అంచున ఉంది. కాగితం అడ్డంగా తిప్పి గీసిన రోజున కూడా మాను ఎడమ అంచుకే ఆనుకుని ఉంది. చెట్టుకు ఎడమ పక్కన ఏముంది?

గోడ ఉంది. మా నాన్న ఇల్లు పంచుకున్నప్పుడు మా తమ్ముడు కట్టించిన గోడ. వాడికీ నాకూ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. గోడకు అవతల వాడి మునగచెట్టు, కొమ్మ ఒకటి మా వైపుకు వంగి ఉంటుంది. దాని పూలు మా అంట్లు తోమే చోట రాలతాయి. రోజూ పొద్దున్నే ఆ తెల్లపూలు ఊడ్చి పోసి, చెయ్యి కడుక్కుని వచ్చి, బొమ్మ గీయడానికి కూర్చునేదాన్ని. ఊడ్చిన పూలు ఒక్క బొమ్మలోనూ లేవు.

మర్నాడు కుర్చీ పక్కకు జరుపుకుని గోడ గీయడం మొదలుపెట్టాను. మూడు రోజులు పట్టింది. సిమెంటు పెచ్చు ఊడిన చోట మూడు ఇటుకలు కనబడుతున్నాయి. వాటికి పైన తుప్పు పట్టిన మేకు. బట్టల తాడు కట్టుకోవడానికి మా అమ్మ కొట్టించిన మేకు. అమ్మ పోయి ఆరేళ్లు. అంటే గోడ లేచాక కూడా అమ్మ దాని మీద మా ఇద్దరి బట్టలూ ఆరేసింది. ఆ సంగతి నాకు గుర్తే లేదు. మూడో రోజు బొమ్మ పక్కన రాయడానికి పెన్సిల్ పెడితే ‘కోపం’ అని వస్తుందనుకున్నాను. తొమ్మిదేళ్లూ నాకున్నది కోపమే అనుకుంటూ వచ్చాను. చెయ్యి రాసింది ‘బెంగ’ అని.

మాటలు ఇంకా కలవలేదు. మునక్కాయలు మా వైపు దిగినప్పుడు కోసి గోడ మీద పెడుతున్నాను. సాయంత్రానికి ఉండవు.

మీ ఎనభై పేజీల్లో ఏ పక్క ఖాళీగా ఉందో చూసి మళ్లీ రాయండి.

మా ఆయన పోయి ఏడు నెలలు. మీరు చెప్పారని రాత్రిళ్లు రాస్తున్నాను. రాస్తుంటే ఏడుపు ఆగదు. తర్వాత నిద్ర పట్టదు. ఆపేయనా? – సింగరాయకొండ

ఆపేయండమ్మా. రాయడం ఆపేయండి, ఈ రాత్రి నుంచే.

మనసులోని కష్టాన్ని రాస్తే మేలు జరుగుతుందా అని జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు చేసిన పరిశోధన 1986లో అచ్చయింది. విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమ జీవితంలో అన్నిటికన్నా బాధపెట్టిన దాని గురించి రాయించారు. మామూలు విషయాలు రాసినవాళ్లతో పోలిస్తే, కష్టం గురించీ దానితో కలిగిన భావాల గురించీ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. కానీ రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. మీకు ఏడుపు రావడంలో వింత లేదు. అయితే వాళ్లు రాసింది నాలుగే రోజులు, ప్రతి రాత్రీ కాదు. ఏడు నెలల గాయాన్ని రోజూ పడుకోబోయే ముందు కెలకమని నేను చెప్పను. పోయిన నెల ఈ మాట రాయకపోవడం నా పొరపాటు.

మనసైతే, పగటి పూట ఆయన వస్తువు ఒకటి గీయండి. వాచీ అనుకోండి. బెల్టుకు ఎన్ని రంధ్రాలున్నాయి, ఏ రంధ్రం దగ్గర మడత పడి సాగింది, అద్దం మీద గీత ఎటు నుంచి ఎటు ఉంది. అంతే. పక్కన ఏమీ రాయొద్దు. పది నిమిషాలకు లేచి మొక్కలకు నీళ్లు పోయండి. గీయాలనిపించకపోతే అసలు గీయొద్దు, నోట్‌బుక్కు ఎక్కడికీ పోదు. నిద్ర లేని రాత్రులు ఇలాగే సాగితే డాక్టరును కలవండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ వాళ్లు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. ఈ ఉత్తరం మీ దగ్గరి వాళ్లలో ఒకరికి చూపించండి.

నాకు డెబ్బై ఆరు. రంగనాయకులపేటలో పుట్టి పెరిగాను. మా చిన్నప్పటి పెన్నా రేవు కళ్లలో ఉంది, గీయాలని ఉంది. చేతులు వణుకుతాయి. ఈ వయసులో ఎందుకులెమ్మంటారు ఇంట్లో. – నెల్లూరు

బాబాయ్ గారూ, రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతుల్లో కొట్టేసిన మాటలను ఒకదానితో ఒకటి కలుపుతూ పోతే అవి పక్షులుగా, వింత జంతువులుగా తేలేవి. ఆ కొట్టివేతల నుంచే ఆయన బొమ్మల్లోకి వచ్చారు, అరవై దాటాక. 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టేనాటికి డెబ్బైకి దగ్గరపడ్డారు. ఆ తర్వాత కూడా చాలా బొమ్మలు వేశారు. ఈ సంగతి మీ ఇంట్లో చదివి వినిపించండి.

వణుకుకు పెన్సిల్ పనికిరాదు. సన్నటి మొన ప్రతి వణుకునీ పట్టేస్తుంది. పొయ్యి బొగ్గు తీసుకోండి, వేలంత లావుది. కాగితం పెద్దది కావాలి, పాత క్యాలెండర్ వెనక వైపు చాలు. గోడకు అంటించి, నిలబడి, మణికట్టు కదపకుండా భుజం నుంచి గీయండి. నీళ్లకు తిన్నటి గీత ఎలాగూ అక్కర్లేదు. మీ చెయ్యి ఎలా వణికితే అలాగే వదిలేయండి, పెన్నా అలాగే ఉంటుంది. వీలైతే పొద్దున పూట రంగనాథస్వామి గుడి వెనక రేవులో కాసేపు కూర్చుని రండి, ఇప్పుడున్నదాన్ని గీయడానికి కాదు, అప్పుడున్నది ఇంకా బాగా గుర్తురావడానికి.

బొమ్మ పక్కన రేవులో ఎవరెవరు ఉండేవారో రాయండి. చాకిరేవు ఏ పక్క ఉండేది, మీరు ఎక్కడి నుంచి దూకేవారు, ఎండాకాలంలో నీళ్ల కోసం ఇసుకలో చెలమ ఎంత లోతు తవ్వేవారు. మా నాన్న మోకాలి లోతు అనేవారు, మా అమ్మ నడుము లోతు అనేది. మీకెంత గుర్తుందో రాసి పంపండి.